వెనక బెంచీలు

ఆయన్ని అందరూ కండక్టరనే పిలుస్తారు. బస్సు దిగి చాలా ఏళ్లయినా ఆ పేరు దిగలేదు. ఒకసారి పాస్టరుగారు ప్రార్థనలో కూడా కండక్టరు అనేశారు. దేవుడికి అర్థమయ్యే ఉంటుందిలే అంది భార్య.

వాళ్లది పాత ప్రెస్బిటేరియన్ సంఘం. మందపాటి గోడలు, బరువైన తలుపులు, తాతలనాటి బెంచీలు. రైలు పట్టాలకు అవతల మిల్లు కార్మికుల వీధులు లేచాయి. అక్కడినుంచి చర్చికి ఎవరూ రాలేదు. వాళ్లు వస్తారని ఎదురుచూడటం కాదు, మనమే వెళ్లి అక్కడ సంఘం మొదలుపెట్టాలని ఒక ఆదివారం కండక్టరు లేచి అన్నాడు. పెద్దలు ఆలోచించి సరే అన్నారు, ఆయన్నే వెళ్లమన్నారు. నోరు తెరిచినవాడి నెత్తిన పని పెట్టడం అక్కడి పద్ధతి. తోడుగా కొన్ని కుటుంబాలను పంపారు.

అద్దెకు ఒక గది దొరికింది. అంతకుముందు అది పరుపులవాడి గోదాము. ఎంత ఊడ్చినా, కిటికీ తెరిస్తే ఎక్కడినుంచో దూది లేచేది. పాట మధ్యలో ఎవరో ఒకరు తుమ్మేవారు. పాత చర్చిలో పక్కన పడేసిన బెంచీలు తెచ్చి వేశారు. పాస్టరుగారు అక్కడ ఆరాధన ముగించుకుని స్కూటరు మీద ఇక్కడికి వచ్చేవారు.

మిగతా రోజుల్లో గది నిండేది. సాయంత్రాలు పిల్లలు వచ్చి లెక్కలు చేసుకునేవారు. శనివారం కండక్టరు కోడలు బల్ల వేసుకుని బీపీ చూసేది. ఆమె నర్సు. వీధి వీధంతా చేయి చాపి కూర్చుని కబుర్లు చెప్పుకునేది. ఆదివారం మాత్రం, ఒకసారి వచ్చినవాళ్లు రెండోసారి రాలేదు.

రమ్మనక కాదు. గుమ్మంలో కండక్టరే నిలబడేవాడు. వచ్చినవాళ్ల చేయి పట్టుకుని, ముందు ఖాళీ ఉంది, జరగండి జరగండి అంటూ మొదటి బెంచీ దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టేవాడు. ముందు ఎప్పుడూ ఖాళీయే. ఆ సంఘంవాళ్లకు వెనక బెంచీ అంటే ప్రాణం. ముందు కూర్చుంటే పెద్దరికం ఒలకబోసినట్టుంటుందని భయం. పాత చర్చిలో ఆలస్యమైనవాళ్లే ముందు కూర్చునేవారు, తలవంచుకుని. పట్టాలు దాటి వచ్చినా ఆ కుటుంబాలు వెనక గోడకే అంటుకున్నాయి.

చుట్టుపక్కల సంఘాల పాస్టర్లూ పెద్దలూ కూర్చునే సభను ప్రెస్బిటరీ అంటారు. అక్కడినుంచి కబురు వచ్చింది. వానలు వెళ్లాక ఇద్దరు వచ్చి చూస్తారు. వీధివాళ్లు వస్తుంటే సంఘం నిలుస్తుంది. లేకపోతే గది ఖాళీ చేసి తిరిగి రావాలి. కండక్టరుకు ముద్ద దిగలేదు. తను అడిగి తెచ్చిన గది. ఆ ఆదివారం వీధిలోకి వెళ్లి ఇద్దరిని బతిమాలి తెచ్చి, మొదటి బెంచీలో కూర్చోబెట్టాడు. తర్వాతి వారం ఆ ఇద్దరూ ఆయన్ని దూరంనుంచే చూసి సందులోకి తిరిగిపోయారు.

ఇస్త్రీ బండి దగ్గర చొక్కాలు తీసుకుంటూ అక్కడి ఆవిడను అడిగాడు.

“శనివారం వస్తావు, ఆదివారం రావేమ్మా? మావాళ్లు ఏమైనా అన్నారా?”

“ఎవరేమంటారు బాబాయ్. మీరే ముందు కూర్చోబెట్టారు.”

“మంచి చోటని.”

“మీకు మంచిదే. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో నాకేం తెలుసు? ముందున్నవాళ్లను చూసి చేద్దామంటే నా ముందు గోడే ఉంది. అందరూ కూర్చున్నాక కూడా నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను. వెనకనుంచి మీ కోడలు నవ్వింది.”

“నవ్వలేదమ్మా, తుమ్మింది.”

“ఏదైతేనేం. ముందు కూర్చున్నదానికి రెండూ ఒకలాగే వినిపిస్తాయి.”

ఇంటికొచ్చి, వెనక బెంచీలు వీధివాళ్లకు వదిలేసి మనం ముందుకెళ్దామన్నాడు. భార్య వడ్డిస్తూ ఆగింది. నలుగురూ ఏమనుకుంటారంది. ఆ నలుగురూ మనవాళ్లేగా, వాళ్లూ మన పక్కనే ఉంటారన్నాడు.

“మరి మీరు?”

“నేను గుమ్మం దగ్గర ఉండాలి కదా.”

“అదేం కుదరదు. మీరక్కడుంటే మళ్లీ ఎవరో ఒకరిని ముందుకి తోస్తారు. మీ చేతులు ఊరుకోవు. నేను వెనక బెంచీ వదులుతాను, మీరు గుమ్మం వదలండి.”

గుమ్మం లేకపోతే ఆదివారం తనకేం పనుంటుందో ఆయనకు తెలియలేదు. అయినా ఒప్పుకున్నాడు.

ఆదివారం ఇద్దరూ మొదటి బెంచీలో కూర్చున్నారు. మిగతా కుటుంబాలకు ముందే చెప్పారు. తలలూపినవాళ్లంతా మళ్లీ వెనకకే చేరారు. పాస్టరుగారు పుస్తకం తెరవకుండా ఆగారు. చివరికి, ఆ ఇద్దరినీ అలా వదిలేయడం బాగాలేదనుకుని ఒక ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. తర్వాత మిగిలినవాళ్లు, తప్పు చేసినవాళ్లలా ఒక్కొక్కరే వచ్చారు.

ఆ వారం వీధినుంచి ఎవరూ రాలేదు. పై వారం తలుపు చప్పుడైంది. కండక్టరు మెడ తిప్పబోయాడు. భార్య మోచేత్తో పొడిచింది. అప్పటినుంచి ఆయన చెవులతోనే చూడటం నేర్చుకున్నాడు. ఒక దగ్గు. ఒక చంటిపిల్ల. బెంచీ కిర్రుమన్న చప్పుడు. పాటలో వెనకనుంచి కొన్ని గొంతులు, ఒక్కో మాటా ఆలస్యంగా అందుకుంటూ.

వానలు వెళ్లాయి. ప్రెస్బిటరీ నుంచి ఇద్దరు పెద్దలు వచ్చారు. దారిలో వాళ్ల స్కూటరు మొరాయించి ఆలస్యమైంది. వాళ్లూ అలాంటి పాత సంఘాలవాళ్లే. తలుపు తీసి, అలవాటుగా వెనక బెంచీ వైపు చూశారు. ఇస్త్రీ ఆవిడ, ఆమె అత్తగారు, మిల్లువాళ్లు, ఒళ్లో పిల్లలు. దాని ముందు బెంచీ కూడా అంతే. ఇద్దరూ తలవంచుకుని గది పొడుగునా నడిచి వచ్చి కండక్టరు పక్కన కూర్చున్నారు.

“వెనక చోటు లేదండీ,” అన్నాడు వాళ్లలో బట్టతలాయన, సంజాయిషీ ఇస్తున్నట్టు.

“నాకు తెలియదండీ. నేను చూడలేదు,” అన్నాడు కండక్టరు.

ఆరాధన అయ్యాక వాళ్లు పాస్టరుగారితో ఇక అడిగేదేమీ లేదన్నారు, సంఘాన్ని నిలపమనే సభలో చెబుతామన్నారు. ఇక తిరిగి చూడండి అంది భార్య. ఆయన తిరిగాడు. వెనక కూర్చున్నవాళ్లే ముందు బయటికి వెళ్తారు. అప్పటికే వాళ్లు గుమ్మం దగ్గర ఉన్నారు. ఆయనకు వీపులే కనిపించాయి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. తలుపు చాలక కాసేపు ఆగి, మాట్లాడుకుంటూ వీధిలోకి వెళ్లారు.