జెడ్ డ్రైవ్‌లో నా ఫోల్డరు

మా కంపెనీ నాచారంలో పంపులకు విడిభాగాలు చేస్తుంది. నేను క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తాను. మా ఆఫీసులో ఏ కంప్యూటర్ తెరిచినా జెడ్ అనే డ్రైవ్ కనిపిస్తుంది. అది నిజానికి ఆ కంప్యూటర్లో ఉండదు. మెట్ల కింద చిన్న గదిలోని సర్వర్‌లో ఉంటుంది. అందులో అందరికీ తెరుచుకునే కామన్ ఫోల్డరు ఒకటి, తలా ఒక సొంత ఫోల్డరు. సొంత ఫోల్డరు దాని యజమానికి తప్ప ఇంకెవరికీ తెరుచుకోదని చెప్పారు. కొందరు అందులో పెళ్లి వీడియోలు పెట్టుకున్నారు. నేను డైరీ పెట్టుకున్నాను.

పీర్జాదిగూడలో మేముండే రెండు గదుల్లో నోటుబుక్కు దాచే చోటు లేదు. ఒకసారి దాస్తే మా చెల్లి దాన్ని అన్నాల దగ్గర అందరికీ చదివి వినిపించింది. బాగానే చదివింది. అప్పట్నుంచి మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కు వెళ్లాక పావుగంట ఆఫీసులోనే రాసుకుంటున్నాను. ఎక్కువగా ఆఫీసులోని మనుషుల గురించి, నేను అనాలనుకుని అనలేకపోయిన మాటల గురించి. రెండోదానికే ఎక్కువ పేజీలు పట్టాయి.

ఒక నెల కిందట తనిఖీ రిపోర్టుల పని నాకు అప్పగించారు. వాటినీ నా ఫోల్డరులోనే తయారుచేసేదాన్ని. సగం రాసినదాన్ని ఎవరైనా చూస్తే నాకు చెమటలు పడతాయి. పూర్తయ్యాక కట్ చేసి కామన్ ఫోల్డరులో పేస్ట్ చేసేదాన్ని. కాపీ చేసేదాన్ని కాదు. క్వాలిటీలో మొదటి రోజే నేర్పే నియమం ఒకటుంది: ఒకే కాగితం రెండు చోట్ల ఉండకూడదు. ఆ నియమాన్ని నా అంత భక్తిగా పాటించినవాళ్లు సెక్షన్‌లో లేరు.

మా మేనేజర్ సార్ ప్రభుత్వ రంగ సంస్థలో రిటైరై ఇక్కడికి వచ్చారు. నేను ప్రింటు తీసి ఇస్తే సంతకం పెట్టేవారు. నెల రోజులుగా ఆయన ఒక్క ఫైలూ తెరిచి చూడలేదన్న సంగతి, రికార్డులు కంప్యూటర్లోనే చూస్తామని చెప్పిన కస్టమర్లు వచ్చే రోజున బయటపడింది. పొద్దున్నే సార్ ఒక రిపోర్టు మీద నొక్కితే, మీకు అనుమతి లేదని వచ్చింది. ఇంకోటి నొక్కారు. అదే మాట. నా కంప్యూటర్లో మాత్రం అన్నీ తెరుచుకుంటున్నాయి.

"నీకు తెరుచుకుంటుంది, నాకు తెరుచుకోదు. ఇక్కడ మేనేజరెవరమ్మా?" అన్నారు సార్.

నేను ఫోన్ అందుకున్నాను.

మా చుట్టుపక్కల నాలుగైదు ఫ్యాక్టరీల కంప్యూటర్లు చూసే అన్న ఒకతను ఉన్నాడు. ఫోన్ చేస్తే మల్లాపూర్ నుంచి బండి మీద వచ్చాడు. సార్ కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేశాడు. జెడ్ డ్రైవ్‌ను తీసేసి మళ్లీ కలిపాడు. పాస్‌వర్డ్ మార్చాడు. ఏమీ మారలేదు. ఈలోగా కస్టమర్లు ఉప్పల్ రింగురోడ్డు దాటారని ఫోన్ వచ్చింది.

"జర ఆగున్రి సార్," అన్నాడు అన్న. "జెడ్ మొత్తానికి పైనకెల్లి కింది దాకా అందరికీ ఫుల్ పర్మిషన్ ఇచ్చేస్త. ఏ ఫోల్డరైనా ఎవలైనా తెరుస్తరు. మల్ల ఫికరే ఉండది."

"సొంత ఫోల్డర్లు కూడానా?" అన్నారు సార్.

"అన్నీ. అండ్ల ఏముంటయ్ సార్, పెళ్లి వీడియోలే."

"సరే, కానివ్వు."

మధ్యాహ్నానికల్లా సెక్షన్ మొత్తం నా డైరీ చదువుతుంది, మా చెల్లి కంటే బాగా చదువుతుంది. అన్న అంతకుముందు తెరిచిన చిన్న కిటికీ ఒకటి తెర మీద ఇంకా అలాగే ఉంది. సార్‌కు తెరుచుకోని రిపోర్టును ఎవరెవరు తెరవవచ్చో అందులో రాసి ఉంది: నా పేరు ఒకటి, అడ్మిన్ అని ఇంకోటి. అంతే. సెక్షన్ పేరు లేదు. అది నా ఫోల్డరుకు ఉన్న జాబితా. కట్ చేసిన ఫైలు తన పాత తాళాన్ని వెంటబెట్టుకుని కొత్త ఇంటికి వచ్చిందన్నమాట.

"అన్నా, జర ఆగు," అన్నాను.

ఎవరన్నారా అని ఇద్దరూ నా వెనక్కి చూశారు. నా వెనక గోడ ఉంది.

"తప్పు నాదే. నా ఫోల్డర్ల తయారుజేసి కట్ చేసి పెట్టిన. గందుకే నా పర్మిషనే ఫైలెంట వచ్చింది. కాపీ జేస్తే కామన్ ఫోల్డర్‌ది వస్తదేమో."

ఒక ఫైలు కాపీ చేసి చూపించమన్నాడు. చేశాను. సార్ నొక్కారు. తెరుచుకుంది.

"నేను గదే జెప్దామనుకుంటున్న సార్," అన్నాడు అన్న.

సార్ మాత్రం నన్నే చూస్తున్నారు. "అంత దాచుకుని చేసేదేముందమ్మా నీ ఫోల్డర్లో?"

"రఫ్ కాపీలు సార్."

అది అబద్ధమేమీ కాదు. కస్టమర్లు మెట్లెక్కేలోపు రిపోర్టులన్నీ కాపీ చేసి, పాతవి తీసేశాను. వాళ్లు రెండు రిపోర్టులు చూసి, టీ తాగి వెళ్లారు.

అన్న బండి తీస్తుంటే గేటు దాకా వెళ్లాను. ఆ జాబితాలో రెండో పేరు నన్ను వదలడం లేదు.

"అన్నా, సొంత ఫోల్డర్లు నీకు తెరుసుకుంటయా?"

"నేను అడ్మిన్ గద చెల్లె. అన్నీ తెరుసుకుంటయ్."

"నాది తెరిసినవా?"

"పోయినేడు సర్వర్ల జాగ నిండితే అందరియి సూసిన. నీది ఒక్క పేజీ సదివిన. నా బండి సప్పుడు ఇనంగనే కంప్యూటర్లు భయపడి వాటంతట అవే బాగైతయని రాసినవ్." హెల్మెట్ పెట్టుకున్నాడు. "మస్తు నవ్విన. మిగిలింది సదువుదామంటే టైమేది?"

ఏడాదిగా అతను నాకు ఎదురుపడుతూనే ఉన్నాడు. ఎన్నడూ మాట జారలేదు. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాలి. వేడెక్కాయి కూడా. కానీ నోటి దాకా వచ్చిన ప్రశ్న, ఎందుకు చదివావని కాదు; ఆ ఒక్క పేజీ దగ్గరే ఎందుకు ఆగిపోయావని.

అడగలేదు. లోపలికి వచ్చి ఆ పేజీ తెరిచాను. రెండో పేరా నిజంగానే సాగదీసినట్టుంది. క్యాంటీన్ నుంచి అందరూ తిరిగొచ్చేలోపు దాన్ని సగానికి తగ్గించాను.