వరండా టైళ్ల సందుల్లో పసుపు

మా వరండా టైళ్లు తెల్లవి. వాటి సందుల్లో నింపిన వైట్ సిమెంటు కూడా ఒకప్పుడు తెల్లగానే ఉండేది. నా భార్య పోయినప్పటినుంచి ఆ గీతలు పసుప్పచ్చగా మారాయి. అడిగినవాళ్లకు బోరునీళ్ల తుప్పు అని చెప్పేవాణ్ని. చండ్రుగొండ దాటి అడవి అంచుకు వస్తే నీళ్లన్నీ అలాంటివే కాబట్టి ఎవరూ మారు మాట్లాడలేదు.

ఆమె ముత్తైదువగా పోయింది. మా పద్ధతి ప్రకారం వరండాలోనే కూర్చోబెట్టి, ఒళ్లంతా పసుపు రాసి స్నానం చేయించారు. బయట వాన. పసుపునీళ్లు మెట్లు దిగిపోకుండా చాలాసేపు టైళ్ల మీదే నిలిచాయి.

అప్పటినుంచి మా అమ్మాయి ముందు తలుపు గుండా రావడం మానేసింది. ఆటో దిగి, ఇల్లు చుట్టి, గిన్నెలు తోమే గచ్చు మీదుగా వంటింట్లోకి వస్తుంది. ఎందుకని నేను అడగలేదు. దసరాకు తను వచ్చేలోపు ఆ గీతలు తెల్లబడితే ముందునుంచే వస్తుందని నా ఆశ.

నా చదువు బడిలో ఎక్కువకాలం సాగలేదు. గనిలో పనిచేసినన్నాళ్లూ షిఫ్టు దిగి నేరుగా గ్రంథాలయానికి పోయేవాణ్ని. నాకు తెలిసిందంతా అక్కడిదే. ఇల్లు బాగుచేసుకోవడం గురించి అక్కడొక పుస్తకం ఉంది, అట్ట ఊడిపోయింది. బట్టల సోడా ముద్దగా కలిపి సందుల్లో పట్టించి, కాసేపు నాననిచ్చి, పాత పళ్ల బ్రష్షుతో రుద్దమంది. తర్వాత పైపైన గీకి కొత్త వైట్ సిమెంటు నింపాలి. అలాగే మొదలుపెట్టాను.

రుద్దుతుండగానే గీత ఎర్రబడింది. వేలు తెగిందనుకున్నాను. చూసుకుంటే తెగలేదు. పక్క సందు, దాని పక్కది, ఒకదాని వెంట ఒకటి ఎర్రబడుతూ పోయాయి. అంచుల్లో లేదు. మధ్యలో, ఆమెను కూర్చోబెట్టినంత మేరే.

తుప్పుకు సోడా తగిలితే ఇలా ఎర్రబడదు. పసుపుకు తగిలితే ఎర్రబడుతుంది. అదీ గ్రంథాలయంలో చదివిందే. ఇన్నాళ్లూ నేను తుప్పు అని చెప్పుకున్నది ఆమె ఒంటి పసుపు.

నీళ్లు పోసేద్దామని లేచేసరికి, చెప్పిన వేళకంటే ముందే వచ్చి, మా అమ్మాయి గేటు దగ్గర నిలబడి ఉంది.

"గిదేంది నాన్నా?"

"సోడా, బిడ్డా. పసుపుకు తగిల్తే ఎర్రగైతది. పుస్తకంల ఉన్నది."

"దీనికి గూడ పుస్తకమేనా? నేనొచ్చినప్పుడల్లా అమ్మ పసుపుల సున్నం కలిపి, దిష్టి తీసి, ఆ ఎర్రనీళ్లు ఈడనే పోసేది గదా."

బ్రష్షు మెట్టు మీద పెట్టి అన్నాను: "నువ్వు ముంగటినుంచి వస్తవని తెల్లగ చేస్తున్న."

"మంచిగనే ఉన్నది. మరి నీ చెప్పులేడున్నయి?"

చూసుకోనక్కర్లేదు. వెనక తలుపు దగ్గరున్నాయి. నా భార్య పోయిన నాటినుంచి అక్కడే విడుస్తున్నాను. ఆ ఉదయం కూడా పెరటిగుండా చుట్టూ తిరిగి వచ్చి, మెట్ల మీద కూర్చుని, చెయ్యి చాచి రుద్దుతున్నాను.

"సొంతింట్ల దొంగలెక్క ఎనకనుంచి తిరుగుతున్నవ్. మళ్ల నన్ను అంటున్నవ్," అంది. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

సంచి మెట్ల మీద పెట్టి, చెప్పులు విడిచింది. తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలాగా, ఒక్క గీతా తొక్కకుండా, టైలు మీదనుంచి టైలు మీదికి అడుగులు వేసుకుంటూ గడప దాటింది. లోపలినుంచి చెయ్యి చాచింది.

"రా నాన్నా. చూసుకుంట రా, గీత తొక్కకు."

మరునాడు ఇద్దరం కలిసి సందులు గీకి కొత్త సిమెంటు నింపాం. ఇప్పుడు తెల్లగా ఉన్నాయి. నా చెప్పులు ముందు మెట్ల దగ్గరే ఉంటున్నాయి. సబ్బునీళ్లతో వరండా కడిగిన రోజున మాత్రం చీపురు పక్కన పెట్టి ఆగుతాను, మధ్యలో ఏ సందైనా ఎర్రబడుతుందేమోనని. తడి ఆరేదాకా అక్కడే నిలబడతాను.