ఓబుళేశు చెయ్యి తగిలింది

కర్నూలులో పొద్దు కూడా ఓబుళేశు అనుమతి లేకుండా పొడవదు. సరే, ఎండ మీద ఆయనకు పెత్తనం లేదు, ఒప్పుకోవాలి. కానీ ఆ బీమా ఆఫీసులో కంప్యూటర్ తెర మీద చుక్క కదలాలన్నా ఓబుళేశు ఊఁ అనాలి.

పాలసీల వివరాలన్నీ ఎక్కడో దూరాన మెయిన్‌ఫ్రేమ్ అనే పాతకాలపు పెద్ద యంత్రంలో ఉంటాయి. దాన్ని ఏ దారిన చేరుకోవాలి, ఏ మీట ఏం చేయాలి, అక్షరాలు ఎంత ఉండాలి, ఇవన్నీ ఓబుళేశు ఒక్కచోట పెట్టి ఆఫీసంతటికీ పంచుతాడు. ఎవరైనా సొంతంగా మార్చుకున్నారా, మరునాడు పొద్దునకల్లా ఆయన సెట్టింగే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. తెర నీలంగా కావాలని గుమాస్తా మునీంద్ర ఏడాదిగా బతిమాలుతున్నాడు.

"పెండ్లి బంతిలో ఒక్కొక్కరికి ఒక్కో పొయ్యి పెడ్తారా అప్పా? ఒకరికి మార్చేకి రాదు" అనేవాడు ఓబుళేశు.

ఈ పట్టుదల అదే ఆఫీసులో పాలసీ వివరాలు ఎక్కించే కృష్ణవేణమ్మ కొంప ముంచేలా ఉంది. ఆమెకు కళ్లలో శుక్లాలు. ఆపరేషన్‌కు ఇంకా కొన్నాళ్లు ఆగమన్నారు. ఈలోగా సంగతి తెలిస్తే సీటు తీసేసి, ఓర్వకల్లు గోడౌన్‌లో పాత ఫైళ్ల మధ్య పడేస్తారని ఆమె భయం. అందుకే రోజూ అందరికంటే ముందొచ్చి, దొంగచాటుగా అక్షరాలు కొంచెం పెంచుకునేది. మరునాటికి అవి మళ్లీ చీమలయ్యేవి. ఒక పొద్దున వెనక ఓబుళేశు నిలబడి ఉన్నాడు.

"ఎవురక్కా దీన్ని ముట్టింది?"

"నాకేం తెల్దప్పా" అంది.

మరునాడు ఆఫీసంతటా అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. రోడ్డవతల టీ అంగడి దేవేంద్రప్ప పాలసీదార్ల పేర్లు చదివి పెళ్లి సంబంధాలు కుదురుస్తున్నాడని చెప్పుకున్నారు. తెర మూలన క్రికెట్ స్కోరు పెట్టుకునే జాగా పోయి మునీంద్ర మండిపడ్డాడు. ఎవరడిగినా ఓబుళేశుది ఒకటే జవాబు: చెయ్యి తగిలింది.

కడప నుంచి జ్ఞానరాజు అనే పెద్దాఫీసరు తనిఖీకి వచ్చాడు. ఒక్కో సీటు వెనక నిలబడి పని చూస్తున్నాడు. కృష్ణవేణమ్మ వంతు రాగానే మునీంద్ర ఫిర్యాదుకు లేచాడు.

"సార్, ఈ అక్షరాలు..."

అప్పుడు కృష్ణవేణమ్మ మునీంద్ర కంట పడింది. మొన్నటిదాకా తెరకు ముక్కు ఆనించి కూర్చున్న మనిషి, ఈరోజు నిటారుగా కూర్చుని, ఒక్క తప్పు లేకుండా టకటకా కొడుతోంది. ముఖం మాత్రం పాలిపోయింది.

"...శానా బాగుండాయి సార్" అన్నాడు మునీంద్ర.

జ్ఞానరాజు కళ్లద్దాలు తీసి తెరవైపు చూశాడు. మళ్లీ పెట్టుకోలేదు. "మా కడపకూ ఇదే పంపించప్పా" అన్నాడు. ఓబుళేశు ఒక్క మీట నొక్కాడు. మైదుకూరు దాకా అక్షరాలు బలిశాయి.

ఆపరేషన్ అయ్యాక కృష్ణవేణమ్మ డ్యూటీకి వచ్చేసరికి కర్నూలులో అక్షరాలు మామూలుగా ఉన్నాయి. ఆమె ఉగ్గాని, బజ్జీల డబ్బా ఓబుళేశు ముందు పెట్టింది.

"నా ఒక్కదానికే పెంచితే పట్టేస్తారని అందరికీ పెంచినావు గదా?"

"నీ కండ్లకేమైందక్కా? చెయ్యి తగిలింది, అంతే."

"మరి నేను వచ్చేసరికి తగ్గినాయే?"

"మళ్లా తగిలింది."

"ఒకరికి మార్చేకి రాదంటివి. మునీంద్ర తెర నీలమెట్లయింది?"

ఓబుళేశు వెనక్కి తిరిగి, నీలంగా మెరుస్తున్న ఆ తెరను తీరిగ్గా చూశాడు. ఇంకో బజ్జీ అందుకున్నాడు.

"ఏం నీలం? యాడుండాది నీలం?"