ఆవ పులిహోర, అమ్మ ముక్కు

ఆవ పులిహోర ఎలా చెయ్యాలో కొలతలతో రాసిమ్మని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎంత బియ్యానికి ఎన్ని ఆవాలు, ఎన్ని చెంచాల ఉప్పు అంటారు. మా ఇంట్లో చెంచాలు లేవు. మా అమ్మ ముక్కు ఉండేది.

అయినా చెప్తాను. అన్నం పలుకుగా వండి పెద్ద పళ్ళెంలో ఆరబొయ్యాలి. పసుపూ నువ్వులనూనే చల్లి, పచ్చిమిరపకాయలూ చిన్న బెల్లంముక్కా వేసి చిక్కగా ఉడికించిన చింతపండు పులుసు కలపాలి. ఇంగువ పోపు పెట్టాలి. ఆవ మాత్రం చివర్న. ఆవాలూ ఎండుమిరపకాయలూ ఉప్పూ సన్నికల్లు మీద అప్పటికప్పుడు నూరి, అన్నం పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. ముందే నూరి ఉంచితే ఘాటు చచ్చిపోతుంది. ఆ ఘాటు నషాళానికి అంటితే కుదిరినట్టు. దీంట్లో కొలవడానికి ఏముంది?

చీపురుపల్లికి నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. నాన్నగారు అక్కడి గుళ్ళో అర్చకులు. దేవుడి భోగం మా ఇంట్లోనే వండేవాళ్ళం. శనివారాలు ఆవ పులిహోర. నివేదన అయ్యేదాకా వండినవాళ్ళు నాలిక మీద మెతుకు వేసుకోకూడదు కాబట్టి అమ్మ వాసనతోనే వండేది. పులుసు ఉడుకుతుంటే ఆవిరి మీదికి వంగి "ఉప్పు చాల్లేదు" అనేది. పక్క వాటాలో ఉండే పెద్దమ్మ, అంటే నాన్నగారి వదిన, దేవుడికి పెట్టేది వాసన చూడ్డం కూడా తప్పేనని సాధించేది. "ఆవిరి దానంతటదే వచ్చి నా ముక్కులో దూరితే నేనేం చెయ్యను అక్కయ్యా?" అని అమ్మ జవాబు. ఉప్పు తక్కువైతే పులుసు పచ్చి వాసన వేస్తుందని నాకూ నేర్పింది. పదేళ్ళకే నాకు ఆ తేడా తెలిసేది.

నాన్నగారి పని వంకలు పెట్టడం. "ఏమే, ఇవాళ పప్పులో ఉప్పు వేసేవా, ఉప్పులో పప్పు వేసేవా?" అనేవారు, మూడోసారి వడ్డించుకుంటూ. "అయితే రేపట్నించి మీరే వండుకోండి, నేనెళ్ళి గంట వాయిస్తాను" అనేది అమ్మ. బాగుంది అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. విస్తరి ఖాళీ అయితే బాగున్నట్టు.

అరవైల చివర్లో ఒక వానాకాలం అమ్మకి విషజ్వరం వచ్చింది. మూడు వారాలు మంచం దిగలేదు. ఆ మూడు వారాలూ భోగం పెద్దమ్మ వండింది. జ్వరం తగ్గి అమ్మ మళ్ళీ పొయ్యి దగ్గరికొచ్చింది గానీ, వాసనా రుచీ వెనక్కి రాలేదు. "జ్వరం నోరు, అదే సర్దుకుంటాది. నా చేతికి తెలీదా ఏటి?" అనుకుంది. చేతికి తెలీలేదు. పులుసులో ఒకసారి ఉప్పు, ఆవలో ఒకసారి, అనుమానం కొద్దీ మళ్ళీ ఒకసారి. మొదటి శనివారం ఆ పులిహోర నోట్లో పెట్టుకోగానే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. నోరు తెరవబోయాను. పక్కనే పీట మీద కూర్చున్న నాన్నగారి మోకాలు నా మోకాలికి ఠపీమని తగిలింది.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు చెప్పారు. "నోరెత్తేవంటే వీపు చీరేస్తాను. ఈ సంగతి బయటపడితే భోగం మీ పెద్దమ్మ చేతికి పోతాది. మీ అమ్మ తట్టుకోలేదు. ముక్కు నెమ్మదిగా అదే వస్తాది."

అది ప్రేమే. కాదనను. ఆ ప్రేమ మీద నాకు ఇవాళ్టికీ కోపమే. తన నోరు మూసుకోదలిస్తే మూసుకోవచ్చు, నా నోరు నొక్కే హక్కు ఆయనకెవరిచ్చారు?

ఆ సాయంత్రం అమ్మ నన్ను ఒక్కదాన్నీ పిలిచి అడిగింది. "ఏటే, ఆవ కుదిరిందా?"

"కుదిరిందమ్మా" అన్నాను.

పది శనివారాలు ఇదే తంతు. నాన్నగారు చెంబెడు నీళ్ళు పక్కన పెట్టుకుని, ముద్దకో గుక్క తాగుతూ "అమృతంలా ఉన్నాది" అనేవారు. నటన రాని మనిషి, ఆ మాటంటున్నప్పుడు ఆముదం తాగిన మొహం పెట్టేవారు. చూస్తే నవ్వొచ్చేది, ఆ నవ్వుకి మళ్ళీ మోకాటి దెబ్బ. ఇక ఊళ్ళోవాళ్ళు. పులిహోర దొన్నె కళ్ళకద్దుకోవడం, గుటుక్కున మింగడం, తిన్నగా నూతి దగ్గరికి పోవడం. ప్రసాదానికి వంక పెట్టకూడదట, పెద్దమ్మయినా సరే! అందరికీ తెలుసు, మా అమ్మకి తప్ప. తలుచుకుంటే ఊరంతటినీ నిలబెట్టి కడిగేయాలనిపిస్తుంది.

చివరికి చెప్పింది పాలు పోసే రైతు ఇల్లాలు. చెంబులో పాలు పోస్తూ, ఏదో మామూలు కబురులా అంది. "అమ్మగోరూ, ఓ మాటంతాను, కోప్పడకండి. ఈ మజ్జిన పులివోర తింతే కడివెడు నీల్లు తాగాల్సొస్తన్నాది. దేవుడి పెసాదం గదాని ఊరంతా నోరు మూసుకున్నాది. మీకెవులూ సెప్పనేదా?"

అమ్మ పాలచెంబు గట్టు మీద పెట్టింది. ఆవిడ వెళ్ళిపోయాక నా వైపు తిరిగింది.

"మీ నాన్నగారు అమృతం అన్నప్పుడే నాకు అనుమానం వచ్చిందే. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట విన్నానా? అందుకే నిన్నడిగేను. నువ్వు కుదిరిందన్నావని ఊరుకున్నాను."

"నాన్నగారే చెప్పొద్దని..."

"ఆయన్ని నేనడగలేదు, నిన్నడిగేను." అరవలేదు. అరిచినా బాగుండేది. "మొదటి శనివారమే చెప్పుంటే, నిన్ను పొయ్యి పక్కన కూచోపెట్టుకుని నీ ముక్కుతో వండేదాన్ని గదే."

ఇప్పుడు కూర్చుంటానమ్మా అని ఏడ్చాను. విననే లేదు. "దేవుడికి పది వారాలు ఉప్పు తినిపించేను. ఇంక నా చెయ్యి పెట్టను" అంది. భోగం వండే ఇత్తడి గుండిగని చింతపండుతో తళతళలాడేలా తోమి, తనే మోసుకెళ్ళి పెద్దమ్మ వాకిట్లో దింపింది. నాన్నగారు అరుగు మీద తల వంచుకుని కూర్చున్నారు. ఏది జరక్కూడదని ఆయన మా నోళ్ళు కట్టేశారో అదే జరిగింది.

చలికాలంలో అమ్మకి వాసన తిరిగొచ్చింది. ఒకరోజు పోపు వేస్తూ ఇంగువ ఘాటుకి పదిసార్లు తుమ్మి, తుమ్ముతూనే నవ్వింది. ఆ పూట నాన్నగారు చారు కలుపుకుని ఒక్క ముద్ద తిని, "ఏమే, ఉప్పుడబ్బా ఊరెళ్ళిందా?" అన్నారు. "హమ్మయ్య, బాగుందన్నమాట" అంది అమ్మ. అంతే, వాళ్ళిద్దరి లెక్కా సరిపోయింది. అబద్ధం మొదలెట్టిన మనిషికి ఒక్క వంకతో క్షమాపణ దొరికింది. నాకు దొరకలేదు. గుండిగ కూడా తిరిగి రాలేదు.

తర్వాత అమ్మ చాలా ఏళ్ళు బతికింది. ఇంట్లో ఎన్నోసార్లు ఆవ పెట్టింది. నాకు పెళ్ళయ్యాక పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా వంటింట్లో నేను తన పక్కనే ఉండేదాన్ని. సన్నికల్లు మీంచి ఆవ ముద్ద వేలితో తీసి, నన్ను దాటుకుని వీధరుగు దాకా వెళ్ళి, నాన్నగారి ముక్కు దగ్గర పెట్టి "కుదిరిందా?" అని అడిగేది. నశ్యం పీల్చీ పీల్చీ ఏ వాసనా తెలీని ఆ ముక్కు దగ్గర.