సిలికాన్‌కు ఆముదం అంటించిన రోజులు

ఏన్కూరు దగ్గర, అడవి అంచున ఉన్న మా చెలకలో నాన్న ఏటా ఆముదాలు వేసేవాడు. నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసిందీ ఆముదంతోనే. దాన్నుంచి తీసిన ఒక పదార్థాన్ని సిలికాన్ పలకకు అతికించాలి. పూత పూయడం కాదు. ఆ అణువు చివరి కార్బన్, పలక పైవరుసలోని సిలికాన్‌తో బంధం కట్టాలి.

నాలుగో ఏడు దసరాకు ఇంటికొచ్చినప్పుడు నాన్నకు ఇదంతా వివరించాను.

"ఆముదం అంటించనీకి నాలుగేండ్లా బిడ్డా? అంటినదాన్ని వదిలించుడే కదా కష్టం!" అన్నాడు.

సైన్స్ తెలియని మాట అనుకున్నాను. సిలికాన్‌కు గాలి తగిలితే పైన తుప్పులాంటి పొర పడుతుందనీ, దాన్ని యాసిడ్‌తో తీసి, మళ్ళీ గాలి సోకకముందే నైట్రోజన్‌లో ఆ పదార్థంతో కలిపి వేడి చేయాలనీ ఆయనకేం తెలుసు?

తిరిగి వెళ్ళిన నెలకే, పలక పైన ఏ మూలకాలున్నాయో గీతల్లో చూపే మెషిన్ మీద కార్బన్ గీత నిటారుగా లేచింది. మా గైడ్ ల్యాబ్ అందరికీ మిఠాయిలు పంచాడు. నేను ఇంటికి ఫోన్ చేసి "అంటింది నాన్నా!" అన్నాను.

వారం తర్వాత, ఆముదం వాసన కూడా చూడని ఉత్త పలకను పరీక్షించాను. అదే గీత. అంతే ఎత్తు. రెండింటినీ వేడి ద్రావకంలో కడిగితే రెండింటి మీదా గీత మాయమైంది. పలకలు దాచిన ప్లాస్టిక్ డబ్బా జిడ్డు అది. నా నాలుగేళ్ళ చదువు చేయలేని పని డబ్బా ఊరికే చేసి పెట్టింది. గైడ్ మిఠాయిల ఊసెత్తలేదు.

డబ్బా పారేసి గాజు గిన్నెలు తెచ్చుకున్నాను. పదార్థంలో చెమ్మ ఉందని తేలితే దాన్నీ పోగొట్టాను. వేసవికి, ఎంత కడిగినా గీత పోలేదు. ఎవరికీ ఫోన్ చేయలేదు. మరో ఆరు పలకలు చేశాకే నమ్మాను.

పట్టా వచ్చాక ఒక పలక ఇంటికి తెచ్చాను. నేను "ముట్టుకోకు" అనేలోపే నాన్న దానిమీద బొటనవేలు ఆనించాడు. తప్పు చేసినవాడిలా కండువాతో గబగబా తుడిచాడు.

"నీ ఆముదం పోలే కదా?"

"పోలేదు నాన్నా."

"ఏదీ, కనబడదేంది?"

"కనబడదు. ఒక్క అణువు మందమే."

కాసేపు పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దాన్ని పట్టుకొని పక్కింటికి పోయి, "మా బిడ్డ చేసింది. ఏం కనబడదు, కానీ ఉంది" అని చెప్పడం వినిపించింది. ఆ పరిశోధనను అంత నమ్మకంగా ఇంకెవరూ సమర్థించలేదు, నాతో సహా.