ఎండకేసిన చొక్కా

నిమ్మచెక్క రుద్దిన బట్ట ఎండలో వేడెక్కితే ఒక వాసన వస్తుంది. తెల్లాపూర్‌లోని మా అపార్ట్‌మెంటులో బాల్కనీల్లో బట్టలు ఆరేయకూడదని నియమం. ఎదురు టవర్ అడ్డం కనుక ఆ నియమాన్ని మీరడానికి నాకు రోజుకు గంట ఎండే దొరుకుతుంది. నిన్న నా కూతురి ఫ్రాక్ మీద పప్పు ఒలికితే ఆ గంటలోనే ఆరేశాను. వాసన తగలగానే మా అక్క గుర్తొచ్చింది.

కొత్తగూడలో అప్పటికి ఫ్లైఓవర్ లేదు. మా ఇంటి వెనక పెద్ద బండ ఉండేది. ఎండాకాలం దాని మీద అమ్మ పోసిన మిరపకాయలు, అక్క ఉతికిన బట్టలు, బడి లేని నేను, అందరం వరసగా ఎండేవాళ్లం. నాకన్నా పదేళ్లు పెద్దదైన అక్కది ఇంట్లో మరకల శాఖ. గోటీలాడి వచ్చి నేరుగా పళ్లెం ముందు కూర్చునే నేను పచ్చిపులుసుని గానీ, మామిడికాయ తొక్కుని గానీ పూర్తిగా నోట్లోకి పంపిన పాపాన పోలేదు. నూనె మరకకు అక్క సుద్దపొడి అద్దేది. పసుపు మరకకు నిమ్మకాయ, ఉప్పు, ఆపైన ఎండ. పసుపుకు ముందే సబ్బు తగిలితే ఎర్రబడుతుంది.

ఆ చివరి సంగతి నాకు బోనాల రోజున తెలిసింది. మర్నాడు హైటెక్ సిటీలో, కొత్తగా లేచిన అద్దాల మేడలో అక్కకు మొదటి ఇంటర్వ్యూ. ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసిన ఆమె తెల్ల చున్నీ మీద నా గిన్నెలోని మటన్ షోర్వా ఒలికింది. ఎవరూ చూడకముందే సబ్బు రుద్దాను. మరక నెత్తురులా మారింది.

"ఏందిరా ఇది, ఎవర్నన్న పొడిచినవా?"

"సబ్బు పెట్టిన అక్కా."

"నీ తెలివి సబ్బుకన్న జల్ది కరిగినట్టుంది. ఇగ ఆ కొస వట్టుకో."

నిమ్మరసానికి ఎరుపు మళ్లీ పసుపైంది. ఆషాఢం మబ్బులు తొలగినప్పుడల్లా చున్నీ చెరో కొసా పట్టుకుని బండ మీదికి పరిగెత్తాం. మిగిలిన కాస్త పసుపునీ అక్క మడతలో దాచి పిన్ను పెట్టుకుని వెళ్లింది. ఉద్యోగం వచ్చింది.

పోయిన వేసవిలో, డాక్టర్లు ఇక చెప్పడానికేమీ లేదన్నాక, దవాఖానలో అక్కకు నేనే పప్పన్నం తినిపించాను. మింగలేకపోయింది. పెదవుల నుంచి జారి నా తెల్లచొక్కా జేబు పక్కన పడింది. నేను సబ్బు కోసం లేచాను.

"సబ్బు వెట్టకు తమ్మీ," అంది. "ఎండకెయ్."

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. మర్నాడు సాయంత్రం వెళ్లిపోయింది.

దినాలు అయ్యాక ఆ చొక్కా దవాఖాన నుంచి తెచ్చిన సంచిలో దొరికింది. అలాంటప్పుడు మనిషి ఏం చేయాలో నాకు తెలియదు. అక్క ఏం చేయమందో తెలుసు. నిమ్మకాయ రుద్ది, ఎండ జరిగినప్పుడల్లా చొక్కాను జరుపుతూ మూడు రోజులు ఆ గంటసేపూ బాల్కనీలోనే ఉన్నాను. మూడో రోజుకు చొక్కా తెల్లగా మెరుస్తోంది. అప్పుడుగానీ నేనేం చేశానో నాకు తట్టలేదు.

కొత్తగూడ బండను పగలగొట్టి సెల్లార్ తవ్వారు. చొక్కా బీరువాలో ఉంది. నిన్న ఫ్రాక్ మడతపెట్టి చొక్కాను బయటికి తీస్తే నా కూతురు పక్కకొచ్చింది.

"ఏం చూస్తున్నవ్ డాడీ?"

జేబు పక్కన వేలు పెట్టి చూపించాను.

"అక్కడ ఏం లేదు కదా!"

నిజమే. జీవితంలో ఒక్కసారి, అక్క చెప్పింది చెప్పినట్టు చేశాను.