బోర్డు చదివిన పిల్లాడు

ఆమె పరుపులు కుట్టేది. భర్త పోయాక ఇంటి ముందుగదినే దుకాణంగా మార్చుకుంది. పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూది ఏకి, మళ్లీ నింపి దబ్బనంతో కుట్టి ఇచ్చేది. దూది నలుసులు గొంతులోకి పోకుండా మూతికి గుడ్డ కట్టుకోవడంతో పగలంతా ఆమెకు మాటలు తక్కువ. ఆ లోటు ఆరేళ్ల కొడుకు తీర్చేవాడు. కొత్తగా అక్షరాలు వచ్చిన ఊపులో బస్సు మీద, గోడ మీద, మందు సీసా మీద కనిపించిందల్లా కూడబలుక్కుని పైకి చదివేవాడు. "మావాడు చీమ కాలి మీద పేరు రాసినా చదివేస్తాడు" అని ఆమె పరుపులు తెచ్చినవాళ్లందరి దగ్గరా మురిసిపోయేది.

వాళ్ల వీధి దాటితే సైనికులు బాంబులు పేల్చడం సాధన చేసే మైదానం. దాని కంచె ఎప్పుడో కూలిపోయింది, ఎవరూ తిరిగి కట్టలేదు. ఒక సెలవురోజు పిల్లాడు తెగిన గాలిపటం వెంటపడి అందులోకి వెళ్లాడు. పేలకుండా మిగిలిన బాంబొకటి గడ్డిలో ఉంది. సైనికులు దాన్ని వెతికి తీయకుండానే వెళ్లిపోయారు. వాడు ఏమిటా అని చేతిలోకి తీసుకున్నాడు.

చప్పుడు విని ఆమె మూతికి కట్టిన గుడ్డతోనే పరుగెత్తింది.

పిల్లాడు పోయిన కొన్నాళ్లకు సైన్యం నుంచి ఒక అధికారి ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, "ప్రమాదం, లోపలికి రావద్దని బోర్డు పెట్టాం కదమ్మా" అన్నాడు. తప్పు పిల్లాడిదే అన్నట్టున్న ఆ మాట ఆమె గుండెల్లో గుచ్చుకుంది. ప్రభుత్వం మీద దావా వేసింది.

మొదటి వాయిదాకు వీధిలో సగం మంది వెంట వచ్చారు. తర్వాత ఇద్దరు ముగ్గురు. ఆ తర్వాత ఆమె ఒక్కతే కాళ్లరిగేలా తిరిగింది. దారిలో ఎదురైనవాళ్లు ఏం మాట్లాడాలో తెలియక పక్కకు తప్పుకునేవారు.

సాక్ష్యం చెప్పే రోజు ఆమె తరఫున వాదిస్తున్న వకీలమ్మ ఆమెను వరండాలోకి పిలిచింది. "అక్కా, పిల్లాడికి ఇంకా చదవడం రాదని ఒక్కమాట చెప్పు. బోర్డు గొడవ అక్కడితో పోతుంది."

ఆమె బోనెక్కాక ప్రభుత్వ వకీలు సరిగ్గా అదే అడిగాడు. "మీ అబ్బాయికి చదవడం వచ్చా?"

"వచ్చండీ."

"ఆ బోర్డు చదవగలిగేవాడా?"

"అటు వెళ్లినప్పుడల్లా చదివి వినిపించేవాడండీ. ప్రమాదం అంటే ఏంటమ్మా అని ఓసారి అడిగాడు. దెబ్బ తగులుతుంది నాన్నా అన్నాను. కింద పడితే తగులుతుందే, అట్లాంటిదనుకున్నాడు. పేలని బాంబు గడ్డిలో వదిలేసి పోతారని బోర్డులో లేదు కదండీ. నాకూ తెలీదు."

వకీలమ్మ తల పట్టుకుంది. బయటికొచ్చాక, "ఎందుకట్లా చెప్పావక్కా?" అని నిలదీసింది.

"వాడికి వచ్చిందే అదొక్కటమ్మా. అదీ రాదని ఎట్లా చెప్పను?"

తీర్పు రావడానికి మరో ఏడాది పట్టింది. ఆరేళ్ల పిల్లాడు బోర్డు చదివినంత మాత్రాన సైన్యం బాధ్యత తీరిపోదన్నారు జడ్జి. కంచె కట్టకపోవడం, బాంబు తీయకపోవడం సైనికుల తప్పు, దానికి ప్రభుత్వమే జవాబుదారు, నష్టపరిహారం ఇవ్వాల్సిందే అన్నారు. పిల్లాడి తప్పుగానీ తల్లి తప్పుగానీ ఏమీ లేదన్నారు. ఆ చివరి మాట ఆమె వకీలమ్మ చేత మళ్లీ చదివించుకుంది.

బస్సులో ఎవరికైనా చెప్పాలనిపించింది. పక్కనున్నాయన నిద్రపోతున్నాడు. వీధిలోకి రాగానే పక్కింటావిడ గుమ్మంలోంచే, "గెలిచావంట కదా, ఇక బెంగ లేదులే" అని, పిల్లలు అన్నానికి పిలుస్తుంటే లోపలికి వెళ్లిపోయింది. ఆమె తాళం తీసి, దీపం వెయ్యకుండానే దూది మూటకు ఆనుకుని చాలాసేపు కూర్చుంది.

కొన్నాళ్లకు అక్క బలవంతం మీద వాళ్ల ఊరు వెళ్లింది. ఇంటినిండా మనవలు, ఒకటే గోల. రెండు రోజులుండి బట్టలు సర్దుకుంది.

"అప్పుడేనా? ఇంకో వారం ఉండవే" అంది అక్క.

"పనుందక్కా" అంది ఆమె.

ఆ వారం ఆమెకు కుట్టాల్సిన పరుపు ఒక్కటీ లేదు.